ఐజావా పద్ధతి

చిజురు ఉసుదా పుట్టుకతో ఓర్వలేని మనిషి కాదు. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా ఆమె ఎవరినీ చూసి కళ్ళలో నిప్పులు పోసుకోలేదు. ఆ అవసరం రాలేదు. చికుమా నది లోయలో, అసామా అగ్నిపర్వతం పొగ కనిపించే మేరలో ఉన్న ఆ పరీక్షాశాలలో చేపల విభాగం అంటే ఆమె, ఆమె అంటే చేపల విభాగం. కొత్తగా చేరినవాళ్ళు తొట్లు కడగడం దగ్గర్నుంచి యంత్రం ముందు కూర్చుని కొలవడం దాకా అన్నీ ఆమె దగ్గరే నేర్చుకునేవాళ్ళు. టోక్యో నుంచి సర్కారు అధికారులు వస్తే పరీక్షాశాల పెద్ద కోమియామా గారు వాళ్ళను తిన్నగా ఆమె బల్ల దగ్గరికే నడిపించుకొచ్చేవాడు.

ఆ పరీక్షాశాలకు పని కల్పించింది ఒక చట్టం. అంతకు కొన్నేళ్ళ ముందు, పడమటి దీవిలో వంటనూనెలో ఒక రసాయనం కలిసి, అది తిన్నవాళ్ళ ఒళ్ళంతా పొక్కులు లేచాయి. తల్లుల కడుపులో ఉన్న బిడ్డలు నల్లబారి పుట్టారు. ఆ రసాయనం నీటిలో చేరితే కుళ్ళదు, చేపల ఒంట్లో చేరితే పోదు అని తేలింది. దేశం గుండెలు బాదుకుంది. ఆ తర్వాత చట్టం వచ్చింది. కొత్త రసాయనం ఏదైనా సరే, ఇక్కడ తయారు చేసినా, పైదేశం నుంచి ఓడలో దిగినా, ముందు సర్కారుకు చెప్పుకోవాలి. అది నీటిలో కుళ్ళిపోతుందా, చేపలో పోగుపడుతుందా, మనిషిని ఏం చేస్తుంది అన్నవి తేలాకే గడప లోపలికి రానివ్వాలి.

చేపలో పోగుపడుతుందా లేదా అన్నది చిజురు తేల్చేది. పారే నీటి తొట్లలో బంగారుతీగ చేపలను వదిలి, పరీక్షకు వచ్చిన రసాయనపు మందును నీటిలో అతి కొద్దిగా కలుపుతూ, రెండు నెలలు చూసేది. ఆ తర్వాత చేపను రుబ్బి, దాని ఒంట్లో ఎంత చేరిందో కొలిచి, నీటిలో ఉన్నదానితో పోల్చి, ఎన్ని రెట్లో లెక్క కట్టేది. రెట్లు తక్కువైతే మందుకు దారి ఇచ్చినట్టే. వేల రెట్లు వచ్చిందంటే రేవులోనే ఆగిపోవాలి. ఆ లోయ బంగారుతీగ చేపలకు పేరుపడ్డ చోటు. చిజురు మొగుడు కిసబురోకి నది కాలవ పక్కన చేపల చెరువులు ఉన్నాయి. పరీక్షాశాల చేపలూ అక్కడివే. "నేను పెంచుతాను, మా ఆవిడ రుబ్బుతుంది" అని అతను అందరితో చెప్పి నవ్వేవాడు.

అలా సాగిపోతున్న చోటికి సవాకో ఐజావా వచ్చింది.

టోక్యోలో చదువుకున్న పిల్ల. చిజురు కన్నా ఆరేడేళ్ళు చిన్న. చదువులో ఇద్దరూ సమానమే. అందగత్తె కూడా కాదు. కానీ ఆమె మాట్లాడితే ఎదుటివాళ్ళు తమ మాట ఆపేసి వినేవాళ్ళు. గొంతు పెంచేది కాదు. ఎవరేం చెప్పినా ముందు తల ఊపి, ఆ తర్వాత తనకు తోచింది చెప్పేది. చివరికి అందరూ ఆమెకు తోచిందే చేసేవాళ్ళు. ఏడాది తిరక్కుండానే కోమియామా గారు అధికారులను నడిపించుకొచ్చే దారి మారింది. చిజురు బల్ల దాటి, కిటికీ పక్క బల్ల దగ్గరికి.

చిజురు మొదట అదేమీ పట్టించుకోలేదని తనకు తాను చెప్పుకుంది. సవాకో నివేదికలు చక్కగా ఉన్నాయని ఎవరైనా అంటే "అవునవును" అనేది, అని ఆ పూట అన్నం సయించక లేచిపోయేది. సవాకో కొత్త చొక్కా వేసుకొస్తే అది ఎక్కడ కొన్నదో కనుక్కునేది, కనుక్కున్నందుకు తనను తాను తిట్టుకునేది. ఒకరోజు చేపలు దించడానికి వచ్చిన కిసబురో, సవాకో ఏదో అడిగితే, తొట్టి అంచు మీద కూర్చుని బంగారుతీగ చలికాలంలో బురదలో ఎలా పడుకుంటుందో తీరిగ్గా చెప్పాడు. ఇంట్లో ఎవరూ అడగని సంగతి అది. చిజురు కూడా ఎప్పుడూ అడగలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర "ఆ అమ్మాయికి నిజంగా తెలుసుకోవాలని ఉందోయ్" అని అతను అంటే, ఆమె గిన్నెలు ఎత్తిన చప్పుడుకు పక్కింటి కుక్క మొరిగింది.

ఆ చలికాలం చిజురు పెద్ద పొరపాటు చేసింది. అందరూ కూర్చున్న సమావేశంలో సవాకో లెక్క తప్పని గట్టిగా అనేసింది. సవాకో తొణక్కుండా కాగితం ముందు పెట్టి, ఏది ఎందుకు భాగించిందో వివరించింది. లెక్క తప్పు కాదు. చిజురే పైవరస చూసుకోలేదు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అందరూ ఒకేసారి టీ కప్పులు ఎత్తుకున్నారు. ఆ రోజు నుంచి పరీక్షాశాలలో ఒక మాట గాలిలో నిలిచిపోయింది: ఉసుదా గారికి ఐజావా గారంటే కుళ్ళు.

వసంతంలో పైదేశం నుంచి ఒక కొత్త మందు వచ్చింది. కిటికీ తెరలకు, రైలు సీట్ల గుడ్డకు పూస్తే నిప్పు అంటుకోదు. యోకొహామాలోని ఒక కంపెనీ దాన్ని దిగుమతి చేసుకోవాలని చూస్తోంది. అంతకు ముందు ఏడాదే ఒక హోటల్లో తెరలంటుకుని చాలామంది పోయారు. అందుకని ఆ మందు మంచిదై ఉండాలని కోమియామా గారితో సహా అందరి కోరిక. పెద్ద పని. చిజురు తనకే వస్తుందనుకుని తొట్లు సిద్ధం చేసి పెట్టుకుంది. కోమియామా గారు పిలిచి, తొట్లు బాగున్నాయని మెచ్చుకుని, వాటిని ఐజావా గారికి అప్పగించమన్నాడు.

రెండు నెలలు గడిచాయి. ఫలితం వచ్చింది. చేపల్లో పోగుపడటం లేదు. ఉన్నదంతా కొద్ది రెట్లు. యోకొహామా కంపెనీ మనిషి పళ్ళబుట్ట తెచ్చి అందరికీ వంగి వంగి దండాలు పెట్టాడు. సవాకో నివేదిక రాయడం మొదలుపెట్టింది.

అక్కడ ఎండాకాలానికి ముందే వచ్చే వానాకాలం మధ్యలో, ఒకరోజు సవాకోను టోక్యోకు మరో పని మీద పిలిపించారు. ఆమె తొట్లు చూసే పని ఆ ఒక్కరోజుకు చిజురు మీద పడింది. పరీక్ష ముగిసినా, మిగిలిన చేపల కోసం మందు నీళ్ళు ఇంకా పారుతూనే ఉన్నాయి. పొద్దున మబ్బు విడిచి, తూర్పు కిటికీలోంచి ఎండ ఏటవాలుగా తొట్టి మీద పడింది. చిజురు మేత చల్లబోతూ ఆగిపోయింది. గాజు మీద సన్నని మసక కనిపించింది. బియ్యం కడిగిన గిన్నెను ఆరబెడితే అంచున మిగిలే తెలుపులాంటిది. వేలితో రాసింది. జారుగా ఉంది. చేపల జిగురు కాదు. చేపల జిగురు ఆమెకు తెలుసు.

ఆమె గుండె ఒక్కసారి ఎగిరి పడింది. భయంతో కాదు, సంతోషంతో. 'దొరికింది' అనుకుంది. ఆ తర్వాత కాసేపటికి గానీ దొరికింది ఏమిటో ఆలోచించలేదు.

ఆ మందు నీటిలో సులువుగా కరిగే రకం కాదు. అందుకని కరగడానికి సాయంగా సబ్బులాంటిది కలిపారు. అదీ అందరూ చేసేదే. కానీ వేసినదంతా నిజంగా కరిగిందా? పులుసులో వేసే మీసో, అదే ఊరవేసిన సోయా ముద్ద, కరక్కుండా గిన్నె అడుగున ఉండిపోతే, పులుసు తాగినవాడు చప్పగా ఉందంటాడు. గిన్నెలో వేసిన మీసో లెక్క మాత్రం బోలెడు కనిపిస్తుంది. తొట్టిలో కూడా అదే జరిగితే? కరగని నలుసులు నీటిలో తేలుతూ, గాజుకు అంటుకుంటూ ఉంటే, చేప ఒంట్లోకి వెళ్ళేది కరిగిన ఆ కాస్తే. నీటిలో ఉన్నదిగా లెక్కకు వచ్చేది మాత్రం మొత్తం. నీటి లెక్క ఉబ్బితే రెట్లు పడిపోతాయి. పోగుపడే మందు కూడా పోగుపడనట్టే కనిపిస్తుంది.

ఆమె తొట్టి నీళ్ళు కొన్ని తీసి, అతి సన్నని వడపోత గుండా పోసి, వడగట్టిన నీళ్ళను కొలిచింది. మందు ఎంతుందో చూపుతూ యంత్రం కలం కాగితం మీద గీసిన గుట్ట చీమ ఎత్తు కూడా లేదు. మందులో ఎక్కువ భాగం వడపోత మీదే ఉండిపోయింది. మళ్ళీ తీసి చూసింది. అంతే. సవాకో ఇచ్చిన చేపల లెక్కను ఈ కొత్త నీటి లెక్కతో భాగిస్తే, రెట్లు వేలల్లోకి వెళ్ళాయి.

సవాకో తిరిగి రాకముందే ఆమె కోమియామా గారి గదికి వెళ్ళింది.

ఆయన మొత్తం విన్నాడు. మర్యాదగా విన్నాడు. ఆ మర్యాదలోనే సంగతి తేలిపోయింది. సన్నని వడపోతకు ఇలాంటి మందులు మామూలుగానే అంటుకుంటాయని, దాన్నిబట్టి ఏమీ చెప్పలేమని అన్నాడు. అదీ నిజమే, అలా జరగవచ్చు. తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, కంపెనీ ఎదురుచూస్తోంది, టోక్యో ఎదురుచూస్తోంది అన్నాడు. చిజురు కదలకపోయేసరికి చివరికి అసలు మాట బయటికి వచ్చింది.

"ఉసుదా గారూ, మీరు పాతవారు, మీకు నేను చెప్పాలా? చలికాలంలో కూడా ఇలాగే జరిగింది. ఒకే చోట పనిచేసే వాళ్ళమధ్య ఇలాంటివి మామూలే. మీ మనసు కాస్త కుదుటపడనివ్వండి. అప్పుడు చూద్దాం."

చిజురు వంగి నమస్కారం పెట్టి బయటికొచ్చింది. నడవాలో ఎదురైనవాళ్ళు ఆమె మొహం చూసి తప్పుకున్నారు. ఆమెకు ఏడుపు రాలేదు. ఆయన అన్నది అబద్ధమైతే వచ్చేదేమో. ఆ తొట్టి సవాకోది కాకపోతే తను ఆ మసకను చూసేదా? చూసినా వేలు పెట్టేదా? తెలియదు. నిజం చూసిందో, చూడాలనుకున్నది చూసిందో ఆమెకే తేలలేదు.

ఇంటికి వెళ్ళి చెరువు గట్టున మేత తూస్తున్న కిసబురోకి అంతా చెప్పింది. అతను మొదట ఆ పెద్దాయన మాటే అన్నాడు, ఇంకాస్త మొరటుగా.

"నీకు ఆ అమ్మాయంటే పడదు కదే. ఊరంతా తెలుసు. చేపలక్కూడా తెలుసు."

"పడదు. అయితే నేను చెప్పింది అబద్ధమైపోతుందా?"

కిసబురో చేటలో మేత సర్దాడు. "నీ కడుపుమంటతో చేపకేం పని? అది మింగింది మింగిందే. నువ్వు మంచి బుద్ధితో రుబ్బినా, చెడ్డ బుద్ధితో రుబ్బినా అంతే వస్తుంది." తర్వాత, పై ఊళ్ళలో గుడ్డలకు రంగులద్దే మిల్లులున్నాయి కదా, వాళ్ళు ఆ మందు వాడి కడిగిన నీళ్ళు ఈ నదిలోకే కదా వదులుతారు అని, ఏమీ అడగనట్టుగా అడిగాడు. చెరువులోకి కాలవ నీళ్ళు దూకుతున్న చోట చేపలు గుంపుగా నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాయి.

అయినా ఆ తర్వాత కొన్ని రోజులు ఆమె నోరు మెదపలేదు. ఎందుకంటే ఆమెకు ఇంకో దారి కనిపించింది, అది చాలా తియ్యగా ఉంది. ఊరుకోవడం. నివేదిక టోక్యో వెళుతుంది. మందు దేశంలోకి వస్తుంది. కొన్నేళ్ళకు ఎవరో ఎక్కడో నదిలో చేపను పట్టి కొలుస్తారు. అప్పుడు అందరూ వెనక్కి తిరిగి నివేదిక మీద పేరు చూస్తారు. సవాకో ఐజావా. కోమియామా గారు తన బల్ల దగ్గరికి వచ్చి, ఉసుదా గారూ, మీరు ఆనాడే చెప్పారు అంటాడు. వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ, ఆమె ఈ ముచ్చటను మళ్ళీ మళ్ళీ మనసులో ఆడించుకుంది. ప్రతిసారీ ఒక్కచోట తట్టుకునేది. ఆ నదిలో చేపను పట్టేదాకా దాన్ని తినే వాళ్ళెవరు అన్న దగ్గర. అక్కడికొచ్చేసరికి కత్తి పక్కన పెట్టేసి నిలబడిపోయేది.

ఆదివారం మధ్యాహ్నం ఆమె గొడుగు వేసుకుని సవాకో అద్దెకున్న ఇంటికి బయలుదేరింది. చేపల కోసం వెళుతున్నానని అనుకుంది. నిజానికి ఇంకోటి కూడా ఉంది, అది దాచుకోలేదు. ఆ మాట వినగానే సవాకో మొహం ఎలా వాడిపోతుందో కళ్ళారా చూడాలని ఉంది.

సవాకో గది సోబా సేమ్యా వండి అమ్మే దుకాణం మీద మేడ. కింద నుంచి ఉడికిన పిండి వాసన వస్తోంది. గదిలో ఒక బల్ల, ఒక చాప, పుస్తకాలు తప్ప ఏమీ లేవు. గోడకు ఒక్క బొమ్మ కూడా లేదు. ఇంత మెప్పు పొందే మనిషి ఇంత బోసి గదిలో ఉంటుందని చిజురు అనుకోలేదు. సవాకో కంగారుపడి టీ పెట్టింది, ఊరవేసిన ఆవాకు పళ్ళెంలో పెట్టింది. అది దుకాణంలో కొన్నది, పులుపు ఎక్కువైంది. చిజురుకు అది కూడా కాస్త తృప్తినిచ్చింది.

చెప్పింది. తొట్టి గాజు, వడపోత, భాగిస్తే వచ్చిన రెట్లు, అన్నీ.

సవాకో మొహం వాడింది. చిజురు ఎదురుచూసినట్టే రంగు దిగిపోయింది. కానీ చూడటానికి ఆమె అనుకున్నంత బాగా లేదు. సవాకో టీ కప్పు పక్కన పెట్టేసింది.

"నేనూ చూశాను ఆ మసక," అంది. "చేపల జిగురనుకుని తుడిచేశాను. రెండుసార్లు తుడిచాను."

చిజురు ఆవాకు పళ్ళెం పక్కకు జరిపింది.

"మీకు నా మీద కోపమని అందరూ అంటారు. కోపం ఉన్నవాళ్ళయితే ముందు నా దగ్గరికి రారు కదా."

"ముందు మీ దగ్గరికి రాలేదు. ముందు కోమియామా గారి దగ్గరికే వెళ్ళాను."

"ఆయనేమన్నారు?"

"నమ్మలేదు. మీరంటే నాకు కుళ్ళని ఆయనకు తెలుసు."

సవాకో తల ఎత్తింది. "నిజమేనా అది?"

"నిజమే," అంది చిజురు. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అనేశాక కాస్త తేలికైంది కూడా.

సవాకో నవ్వలేదు, నొచ్చుకోలేదు. ఎప్పటిలాగే ముందు తల ఊపింది. "అయితే మీరు వడపోత ఒకటికి పదిసార్లు చూసే ఉంటారు. నా మీద ప్రేమున్నవాళ్ళు అంత చూడరు," అంది. గొడుగు తీసుకుని, "పదండి," అంది.

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ పరీక్షాశాలకు వెళ్ళారు. వడపోతకు మందు అంటుకుంటుందన్న కోమియామా గారి మాట తీసెయ్యాలంటే వడపోత లేకుండా చూడాలి. సవాకో తొట్టి నీళ్ళను గాజు గొట్టాల్లో పోసి, గిరగిర తిప్పే యంత్రంలో పెట్టింది. తిప్పి తీస్తే గొట్టం అడుగున తెల్లటి గీత ఒకటి పేరుకుంది. వెలుతురుకు ఎత్తిపట్టి ఇద్దరూ చూశారు. కంటికి కనిపిస్తున్నదానికి వాదన ఏముంటుంది? గొట్టం సవాకో చేతిలోంచి జారబోతే చిజురు అందుకుంది.

మర్నాడు సవాకో నివేదిక ఆపేయమని కోమియామా గారికి తానే చెప్పింది. లోపల ఎంతసేపు మాట్లాడుకున్నారో, ఏం మాట్లాడుకున్నారో చిజురుకు తెలియదు. యోకొహామా కంపెనీ మనిషి వచ్చి ఈసారి పళ్ళబుట్ట లేకుండా గట్టిగా మాట్లాడాడు. ఓడ రేవులో సరుకు ఆగిందని, మనుషులు మంటల్లో కాలిపోతుంటే మీరు చేపలను లెక్కపెడుతున్నారని అన్నాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. సవాకో అతనికి టీ పోసి, తప్పు నాది, మళ్ళీ చేస్తాను అని వంగి నిలబడింది. అతను చల్లబడి వెళ్ళిపోయాడు. అదే మాట తను అనుంటే కప్పు విసిరేసేవాడని చిజురు అనుకుంది, ఆ సమయంలో కూడా.

పరీక్ష మళ్ళీ మొదలైంది. ఈసారి నీటిలో నిజంగా కరిగేటంతే, అంటే కొలవడానికి యంత్రం తంటాలు పడేటంత కొద్దిగా వేశారు. నీళ్ళు కొలిచే పని చిజురు చూసింది, చేపల పని సవాకో చూసింది. ఇద్దరూ పక్కపక్కన పనిచేశారు. స్నేహం కుదిరిందని ఎవరైనా అనుకుని ఉంటే పొరపాటు. చిజురు సవాకో ప్రతి అంకెనూ వెనక నుంచి మళ్ళీ చూసేది. సవాకో చూడనిచ్చేది. ఎండాకాలం పోయి, వరి కంకులు పాలు పోసుకునే వేళకు ఫలితం తేలింది. చేపలు ఆ మందును వేల రెట్లు ఒంట్లో దాచుకున్నాయి. మంచి నీటిలోకి మార్చినా వదల్లేదు. టోక్యోలో పెద్దల సంఘం కూర్చుంది. మందును దేశంలోకి రానివ్వకూడదని తేల్చింది.

ఆ సంఘం ముందు మాట్లాడింది సవాకోయే. తన మొదటి లెక్క ఎక్కడ తప్పిందో దాచకుండా చెప్పిందట. అక్కడి పెద్దలు, పరీక్షించే ప్రతిచోటా ఇక కరగని మందులకు, నిజంగా కరిగేటంతే వేసి కొలిచే ఇదే పద్ధతి పాటించాలన్నారు. దానికి ఎవరు పెట్టారో గానీ పేరు కూడా వచ్చేసింది. ఐజావా పద్ధతి.

ఏడాది చివర విందు ఊళ్ళోని పాత భోజనశాలలో జరిగింది. బంగారుతీగ మీసో పులుసు, సాకె అనే బియ్యపు సారా, చిన్న చిన్న బల్లలు. కోమియామా గారు రెండు కప్పులు తాగి లేచాడు. తన తప్పును తానే ఎత్తి చూపగల ధైర్యం ఈ రోజుల్లో ఎవరికుందని అడిగి, ఐజావా గారికుందని తానే జవాబు చెప్పాడు. చప్పట్లు మోగాయి. సవాకో లేచి నిలబడింది. మొహం ఎర్రబడింది.

"తప్పు పట్టుకున్నది నేను కాదు. ఉసుదా గారు పట్టుకున్నారు. నేను ఆ గాజును తుడిచిపారేశాను. ఆవిడ చూడకపోయి ఉంటే ఈపాటికి ఆ మందు మన రైళ్ళలో ఉండేది."

చప్పట్లు ఇంకా పెద్దగా మోగాయి. "చూశారా, ఎంత అణకువో," అని ఎవరో అన్నారు. "ఎంత మంచి మనసో, పాపం ఆవిణ్ణి కూడా కలుపుకుంది," అని ఇంకెవరో గుసగుసలాడారు. కోమియామా గారు కళ్ళు ఒత్తుకున్నాడు. సవాకో గాభరాగా "కాదండీ, నిజంగానే" అంటోంది. ఆమె అన్నకొద్దీ జనానికి ఆమె మీద గౌరవం పెరుగుతోంది. ఆ గది మొత్తంలో ఆ మాట నిజమని తెలిసిన మనుషులు ఇద్దరే. ఒకరు చెప్పి నమ్మించలేకపోతున్నారు, రెండోవారు నోరు తెరిస్తే కుళ్ళంటారు.

చిజురు కప్పులోది ఒక్క గుక్కలో తాగేసింది. కడుపులో మంట సాకెదో మరోదానిదో తెలియలేదు. సవాకో దొంగదైతే ఎంత బాగుండేది, పేరు కొట్టేసి ఊరుకుని ఉంటే ఎంత హాయిగా అసహ్యించుకునేది. ఆ పిల్ల ఆ మాత్రం సాయం కూడా చెయ్యలేదు. బల్లల మీదుగా సవాకో ఆమె వైపు చూసింది, ఏం చెయ్యమంటారన్నట్టు. చిజురు కూర్చోమని చేత్తో సైగ చేసింది. ఇంటికి వెళ్ళాక కిసబురోతో జరిగింది చెబితే అతను పడీ పడీ నవ్వాడు. కాసేపటికి ఆమె కూడా నవ్వింది, కానీ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అతను నవ్వడం ఆపి ఆమె కాళ్ళ దగ్గరికి కుంపటి జరిపాడు.

వసంతం వచ్చి చెర్రీలు పూసేలోపే సవాకోకి టోక్యోలో ఉద్యోగం వచ్చింది. దేశంలోకి వచ్చే కొత్త రసాయనాల నివేదికలు చదివి, అవునో కాదో చెప్పే కార్యాలయంలో. వెళ్ళే రోజు రైలు స్టేషన్‌కు పరీక్షాశాల మొత్తం వచ్చింది. చిజురు తొట్లకు నీళ్ళు వదలాలని చెప్పి రాలేదు. కిసబురో వెళ్ళి, ఎండబెట్టిన చేప ఒకటి పొట్లం కట్టి ఇచ్చొచ్చాడట. ఎవరిచ్చారని చెప్పావని చిజురు అడిగితే, "నువ్వే ఇచ్చావని చెప్పాను. నమ్మింది," అన్నాడు.

కిటికీ పక్క బల్ల ఖాళీ అయింది. కోమియామా గారు చిజురును అక్కడికి మారమన్నాడు. ఆమె కొన్నాళ్ళు మారలేదు, తర్వాత వెలుతురు బాగుంటుందని మారింది. కరగని మందు వచ్చినప్పుడల్లా నివేదికలో "ఐజావా పద్ధతిలో పరీక్షించాము" అని తన చేత్తో రాయాల్సి వచ్చేది. మొదట్లో ఆ మాట రాస్తే కలం ముల్లు కాగితానికి గుచ్చుకునేది. రాను రాను చెయ్యి అలవాటు పడింది. మనసు మాత్రం పూర్తిగా కాదు.

మరుసటి ఏడాది ఎండాకాలం ఒక పైదేశపు రంగు పరీక్షకు వచ్చింది. అది సగంలో ఉండగా టోక్యో నుంచి ఫోన్ వచ్చింది. సవాకో. మర్యాదలయ్యాక, ఈ రంగు సంగతి మిమ్మల్నే అడగమని పైవాళ్ళతో నేనే చెప్పాను, ఏమైనా కనిపించిందా అని అడిగింది.

"వెతుకుతున్నాను," అంది చిజురు. "ఇంకా దొరకలేదు."

"మీరు వెతికి దొరకలేదంటే నేను ధైర్యంగా సంతకం పెడతాను."

"అప్పుడే పెట్టకండి. చేపలు ఇంకా తొట్లోనే ఉన్నాయి."

"సరేనండీ," అంది సవాకో. గొంతులో నవ్వు వినిపించింది.

చిజురు ఫోన్ పెట్టేసింది. ఒళ్ళంతా తేలికగా ఉంది. ఆ సాయంత్రం దాకా అలాగే ఉంది. చేపలకు మేత చల్లుతూ కూనిరాగం తీసింది కూడా. ఇంటికెళ్ళే దారిలో కాలవ వంతెన ఎక్కుతుండగా, పొద్దుటి నుంచి తను ఇంత సంతోషంగా ఉన్నది ఎవరు మెచ్చుకుంటేనో గుర్తొచ్చింది. ఒళ్ళు భగ్గున మండింది. వంతెన మధ్యలో ఆగి, పెద్దగా నిట్టూర్చి, మళ్ళీ నడిచింది.